చేతులు కలిపిన ఆట

పిల్లలూ! ఆట ఆడాలంటే ముఖ్యంగా ఏం కావాలి?

నేను బడిలో పనిచేసే రోజుల్లో ఈ ప్రశ్న వేస్తే ఒకడు "బంతి కావాలండీ" అనేవాడు. మరొకడు "మైదానం కావాలండీ" అనేవాడు. "ఈల ఊదటానికి డ్రిల్లు మాస్టారు కావాలండీ" అన్న గడుగ్గాయి కూడా ఒకడున్నాడు. ఇవన్నీ కావలసినవే. కాని బంతి లేకపోతే గుడ్డపేలికలు చుట్టి బంతి చేసుకోవచ్చు. మైదానం లేకపోతే చెరువుగట్టున ఆడుకోవచ్చు. ఎవరు లేకపోతే ఆట అసలే సాగదో వారి మాట మాత్రం ఎవరికీ తట్టేది కాదు. వారే ఎదుటి జట్టు! మనలను ఓడించాలని వచ్చినవారే మనకు ఆటను ఇస్తున్నారు. ఈ సంగతి తెలుసుకోవటానికి కొందరు పెద్దలకు చాలా కాలం పట్టింది. అది ఎట్లా జరిగిందో మీకు చెబుతాను. ఇది అమెరికాలో 1962–63 సంవత్సరపు బాస్కెట్ బాల్ పోటీల కథ.

ముందుగా ఆ ఆట సంగతి. బాస్కెట్ బాల్ ఎవరో ఒకరు కూర్చుని కనిపెట్టిన ఆట అని మీకు తెలుసునా? 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. బయట మంచు. కుర్రవాళ్ళు గదిలోపల ఆడుకొనే ఆట ఏదైనా కావాలి. ఆయన పీచ్ పళ్ళ బుట్టలు రెండు తెచ్చి, గోడలకు పది అడుగుల ఎత్తున కొట్టించి, బంతిని బుట్టలో వేయండన్నాడు. బుట్టకు అడుగు ఉండటంచేత బంతి పడినప్పుడల్లా ఎవరో ఒకరు ఎక్కి తీయవలసి వచ్చేది! తరువాత అడుగులేని వల వచ్చింది. కాని ఆ పది అడుగుల ఎత్తు మాత్రం ఈనాటికీ మారలేదు.

ఒక్కొక్క జట్టులో అయిదుగురు ఆడతారు. కాలేజీ ఆట ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు. ఆ రోజుల్లో కాలేజీ ఆటలో ఎంత దూరంనుంచి బంతి వేసినా రెండే పాయింట్లు. ఎదుటివాడు తప్పు చేస్తే దొరికే ఉచిత త్రో ఒక్కొక్కటి ఒక పాయింటు. అయిదు తప్పులు చేసినవాడు ఆటనుంచి తప్పుకోవాలి. ఇంకొక సంగతి గుర్తుపెట్టుకోండి. బంతి చేతికి వచ్చిన తరువాత ఇన్ని సెకన్లలో బుట్టలోకి వేయాలి అనే నియమం అప్పుడు కాలేజీ ఆటలో లేదు. అది 1985–86లో గాని రాలేదు. ఈ సంగతితో తరువాత మనకు పని ఉన్నది.

షికాగో నగరంలో లయోలా విశ్వవిద్యాలయం ఉన్నది. విజయవాడలోని ఆంధ్ర లయోలా కళాశాల పేరు మీలో చాలామంది వినే ఉంటారు. రెండూ జెసూట్ గురువుల సంస్థలే కనక, ఆ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లయోలా పేరే రెంటికీ వచ్చింది. షికాగో లయోలా బాస్కెట్ బాల్ జట్టుకు జార్జి ఐర్లండ్ అనే ఆయన కోచ్. ఆయన జట్టులో మొదటి అయిదుగురూ వీరు: జెరీ హార్క్‌నెస్, రాన్ మిల్లర్, లెస్ హంటర్, విక్ రౌస్, జానీ ఈగన్. హార్క్‌నెస్ కెప్టెన్. అతనూ మిల్లరూ న్యూయార్కునుంచి వచ్చారు. హంటరూ రౌసూ దక్షిణాన నాష్‌విల్‌లో ఒకే హైస్కూల్లో చదువుకొన్నారు. ఈగన్ షికాగోవాడే. అయిదుగురిలో ఈగన్ ఒక్కడే తెల్లవాడు. తక్కిన నలుగురూ నల్లజాతివారు.

"అయితే ఏమిటి?" అంటారా? ఆ కాలంలో అది చిన్న సంగతి కాదు. అమెరికాలో నల్లజాతివారి పూర్వులు బానిసలుగా తేబడ్డారు. బానిసత్వం 1865లో పోయింది గాని వివక్ష పోలేదు. దక్షిణ రాష్ట్రాలలో బడులు వేరు, హోటళ్ళు వేరు, బస్సులో కూర్చునే చోటు వేరు. ఉత్తరాది కాలేజీలలో నల్లజాతి కుర్రవాళ్ళను ఆడనిచ్చేవారు గాని, ఒకేసారి ఇద్దరినో ముగ్గురినో మించి దింపకూడదని ఎక్కడా రాయని కట్టుబాటు ఒకటి ఉండేది. ఐర్లండ్ దాన్ని లెక్కచేయలేదు. 1962 డిసెంబరులో వయోమింగ్ జట్టుతో ఆడేటప్పుడు ఒక దశలో అయిదుగురినీ నల్లజాతివారినే దింపాడు. పెద్ద కాలేజీ జట్లలో అట్లా జరగటం అదే మొదలు.

ఇందుకు ఆ కుర్రవాళ్ళు ఎంత ఖరీదు చెల్లించారో చూడండి. ఒకసారి న్యూ ఆర్లియన్స్ నగరానికి ఆటకు వెళితే, తెల్ల ఆటగాళ్ళకు హోటల్లో గదులు దొరికాయి. నల్లజాతి ఆటగాళ్ళు మాత్రం తమ జాతివారి ఇళ్ళలో తలదాచుకోవలసి వచ్చింది. హ్యూస్టన్‌లో ఆడినప్పుడు ప్రేక్షకులు వారిని నోటికి వచ్చినట్టు తిట్టారు. హార్క్‌నెస్ ఉండే హాస్టలు గదికి బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. అయినా జట్టు ఆడుతూ పోయింది. ఆ ఏడు దేశంలోని పెద్ద కాలేజీ జట్లన్నిటిలోకీ సగటున ఎక్కువ పాయింట్లు చేసింది వారే. మార్చి నెల వచ్చేసరికి 26 ఆటలు ఆడి రెండింటిలో మాత్రమే ఓడారు.

ఏటా మార్చిలో మేటి జట్లన్నిటికీ జాతీయ పోటీ జరుగుతుంది. ఓడినవారు పక్కకు తప్పుకోవాలి, గెలిచినవారు ముందుకు పోవాలి. 1963లో ఆ పోటీకి 25 జట్లు వచ్చాయి. లయోలా మొదటి ఆటలో టెనెసీ టెక్ జట్టును 111–42తో ఓడించింది. రెండవ ఆటలో ఎదురుపడవలసిన జట్టు మిసిసిపీ స్టేట్. కథ ఇక్కడే మలుపు తిరిగింది.

మిసిసిపీ దక్షిణాది రాష్ట్రం. అక్కడ వివక్ష మరీ కఠినం. కొద్ది నెలల ముందే, 1962 సెప్టెంబరు 30 రాత్రి, జేమ్స్ మెరిడిత్ అనే ఒక్క నల్లజాతి విద్యార్థి మిసిసిపీ విశ్వవిద్యాలయంలో చేరబోతే పెద్ద అల్లరి జరిగి ఇద్దరు చనిపోయారు. ఆ రాష్ట్రపు ప్రభుత్వ కాలేజీలకు ఇంకొక రాయని కట్టుబాటు ఉండేది: నల్లజాతి ఆటగాళ్ళున్న జట్టుతో ఆడకూడదు! మిసిసిపీ స్టేట్ జట్టు మంచి జట్టు. 1959లో, 1961లో, 1962లో తమ ప్రాంతపు పోటీలలో మొదటి స్థానం తెచ్చుకొన్నది. మూడుసార్లూ జాతీయ పోటీకి వెళ్ళకుండా ఇంట్లోనే కూర్చున్నది. ఏడాదిపాటు చెమటోడ్చి గెలిచిన కుర్రవాళ్ళు, తాము ఓడించినవారు వెళ్ళి ఆడుతుంటే వార్తలు వినవలసి వచ్చింది. చూశారా, కట్టుబాటు ఎవరిని దూరంగా ఉంచటానికి పెట్టారో వారికే కాక, పెట్టినవారి పిల్లలకే సంకెల అయింది!

1963లో ఆ జట్టు మళ్ళీ గెలిచింది. ఈసారి కోచ్ బేబ్ మెకార్తీ ఊరుకోలేదు. మా కుర్రవాళ్ళను పంపవలసిందేనని బహిరంగంగా అడిగాడు. నిర్ణయం విశ్వవిద్యాలయ అధ్యక్షుడు డీన్ కోల్వార్డు చేతిలో ఉన్నది. పంపితే తన ఉద్యోగానికే ముప్పు రావచ్చునని ఆయనకు తెలుసు. అయినా మార్చి 2న, జట్టు వెళుతుందని ప్రకటించాడు. రాష్ట్ర గవర్నరు రాస్ బార్నెట్‌కు ఇది ఇష్టం లేదు. (అక్కడ గవర్నరు ప్రజలు ఎన్నుకొన్నవాడు, మన ముఖ్యమంత్రివలె రాష్ట్రాన్ని పాలించేవాడు.) విశ్వవిద్యాలయాల పాలకమండలి సమావేశమై చర్చించింది. అందులో ఎక్కువమంది కోల్వార్డు పక్షానే నిలిచారు. అంతటితో అయిపోయిందనుకొంటుండగా, ప్రయాణానికి ముందురోజు, మార్చి 13న, కొందరు కోర్టుకు వెళ్ళి జట్టు రాష్ట్రం దాటకూడదని ఉత్తర్వు తెచ్చారు.

ఉత్తర్వు చేతికి అందితే దాన్ని మన్నించి తీరాలి. అందకపోతే? కోల్వార్డూ, మెకార్తీ అది తమకు అందేలోగానే రాష్ట్రం దాటిపోయారు. మెకార్తీ మెంఫిస్ మీదుగా నాష్‌విల్ చేరుకొన్నాడు. జట్టు మాత్రం ఊళ్ళోనే ఉండిపోయింది. మరునాడు ఉదయం ముందుగా రిజర్వు ఆటగాళ్ళను మాత్రమే విమానాశ్రయానికి పంపారు. అక్కడ అధికారులు కాచుకొని ఉంటే వారికి వీరే కనబడతారు, అసలు ఆటగాళ్ళను వేరే దారిని పంపవచ్చు. కాని అక్కడ అడ్డుకొనేవారెవరూ లేరు. కబురు అందగానే తక్కినవారు పరుగున వచ్చి విమానం ఎక్కారు. నాష్‌విల్‌లో మెకార్తీ వారిని కలుసుకొన్నాడు. బంతి ఆడటానికి వెళ్ళే కుర్రవాళ్ళు ఇట్లా దొంగచాటుగా పోవలసి రావటం నవ్వు పుట్టించే సంగతే. కొంచెం ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది.

ఆట 1963 మార్చి 15న మిషిగన్ రాష్ట్రంలోని ఈస్ట్ లాన్సింగ్‌లో జరిగింది. ఆట మొదలయ్యేముందు ఇరుపక్షాల కెప్టెన్లూ మైదానం మధ్యకు వచ్చి చేయి కలపాలి. అది ఎప్పుడూ జరిగే మర్యాదే. లయోలానుంచి జెరీ హార్క్‌నెస్ వచ్చాడు, మిసిసిపీ స్టేట్‌నుంచి జో డాన్ గోల్డ్ వచ్చాడు. నల్లని చేయీ తెల్లని చేయీ కలిశాయి. ఆ క్షణాన కెమెరా దీపాలు ఒక్కసారిగా ధగధగా వెలిగాయి. ఇది మామూలు ఆట కాదని తనకు అప్పుడే తెలిసిందని హార్క్‌నెస్ తరువాత చాలాసార్లు చెప్పాడు.

ఆట మాత్రం ఎంతో మర్యాదగా సాగింది. మొదటి ఏడు పాయింట్లూ మిసిసిపీ స్టేటే చేసింది. తరువాత లయోలా పుంజుకొని సగం ఆటకు 26–19తో ముందుకు వచ్చింది. రెండో సగంలో మిసిసిపీ ఆటగాళ్ళు వెనకబడినా పట్టు వదలలేదు. వారి మేటి ఆటగాడు లీలండ్ మిచెల్ అయిదు తప్పులూ అయిపోయి తప్పుకోవలసి వచ్చింది. చివరకు 61–51తో లయోలా గెలిచింది. జరుగుతుందని భయపడినదేదీ జరగలేదు. కొట్లాట లేదు, తిట్లు లేవు. రెండు మంచి జట్లు ఆడాయి, ఒకటి గెలిచింది. అంతే!

లయోలా ఆ తరువాత ఇలినాయ్ జట్టును 79–64తో, డ్యూక్ జట్టును 94–75తో ఓడించి ఫైనలుకు వచ్చింది. మార్చి 23న, లూయీవిల్ నగరంలో, పందొమ్మిదివేల పైచిలుకు జనం మధ్య ఫైనలు జరిగింది. ఎదుటి జట్టు సిన్సినాటి. అది 1961లోనూ 1962లోనూ గెలిచిన జట్టు. లయోలా ఎక్కువ పాయింట్లు చేయటంలో మేటి అయితే, సిన్సినాటి ఎదుటివారిని చేయనివ్వకపోవటంలో మేటి. ఆ రోజు ఆట మొదలుపెట్టిన పదిమందిలో ఏడుగురు నల్లజాతివారు. జాతీయ ఫైనలులో అంతకుముందు అట్లా ఎన్నడూ జరగలేదు.

మొదట అంతా సిన్సినాటిదే పైచేయి. సగం ఆటకు 29–21. రెండో సగంలో 45–30 అయింది. పదిహేను పాయింట్ల తేడా! హార్క్‌నెస్ ఒక్క బంతి కూడా బుట్టలో వేయలేకపోయాడు. ఇక సిన్సినాటి వారు, ముందున్నాం కదా, తొందరెందుకని బంతిని తమలో తాము అందించుకొంటూ కాలం గడపసాగారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతి ఇక్కడ అక్కరకు వస్తుంది. ఇన్ని సెకన్లలో వేయాలనే నియమం లేదు కనక అట్లా గడపవచ్చు. కాని ఆడటం మానుకొని గడియారాన్ని చూసేవారికి కాళ్ళు బరువెక్కుతాయి. లయోలా కుర్రవాళ్ళు మైదానం అంతటా వారిని వెంబడించి బంతి లాక్కోసాగారు. తేడా పది అయింది, ఆరయింది, మూడయింది. చివరి అయిదు నిమిషాలలో హార్క్‌నెస్ తన మొదటి బంతి వేశాడు. ఇక ఆగలేదు.

పన్నెండు సెకన్లు మిగిలాయి. సిన్సినాటికి రెండు ఉచిత త్రోలు దొరికాయి. మొదటిది పడి 54–52 అయింది. రెండవది కూడా పడితే తేడా మూడవుతుంది. ఒక గోలుకు రెండే పాయింట్లు కనక ఆట అయిపోయినట్టే. ఆ రెండవది పడలేదు! హంటర్ బంతి అందుకొని మిల్లర్‌కు ఇచ్చాడు, మిల్లర్ హార్క్‌నెస్‌కు ఇచ్చాడు. హార్క్‌నెస్ వేసిన బంతి బుట్టలో పడింది. 54–54!

అదనంగా అయిదు నిమిషాలు ఆడారు. మళ్ళీ 58–58 అయింది. చివరి క్షణాలలో బంతి హార్క్‌నెస్ చేతిలో ఉన్నది. కెప్టెన్ తనే వేస్తాడని అందరూ అనుకొన్నారు. కాని ఎదుటివాడు అడ్డంగా నిలబడి ఉన్నాడు. హార్క్‌నెస్ బంతిని హంటర్‌కు ఇచ్చేశాడు. హంటర్ వేసినది బుట్ట అంచును తాకి బయటకు వచ్చింది. గాలిలోకి ఎగిరి దాన్ని అందుకొని రౌస్ తిరిగి బుట్టలో వేశాడు. ఆట ముగిసింది. 60–58! ఆ 45 నిమిషాలూ లయోలా తరఫున అదే అయిదుగురు, ఒక్కరు కూడా మారకుండా ఆడారు.

ఇప్పుడు పలకా బలపం తీసుకోండి, ఒక లెక్క చెబుతాను. లయోలా 84 సార్లు బంతి వేస్తే 23 సార్లే బుట్టలో పడింది. సిన్సినాటి 45 సార్లు వేస్తే 22 పడ్డాయి. గురిలో ఎవరు మేలు? సందేహం లేకుండా సిన్సినాటి. తాము వేసినవాటిలో రమారమి సగం పడ్డాయి. లయోలావి నాలుగింట ఒకటి కంటే ఏ కొంచెమో ఎక్కువ. మరి లయోలా ఎట్లా గెలిచింది? 84 సార్లు ప్రయత్నించింది కనక! బంతి చేజారితే మళ్ళీ లాక్కొన్నది, గురి తప్పితే మళ్ళీ ఎగిరి అందుకొన్నది. పరీక్షలో ఒకసారి మార్కులు తగ్గితే బేజారయ్యే పిల్లలూ, వారి తల్లిదండ్రులూ ఈ లెక్కను గోడమీద రాసుకోవచ్చు.

అయితే ఆ ఏటి పోటీలలో గొప్ప ఆట ఏది? ఫైనలేనని మీరంటారు. లయోలా వారు మాత్రం ముసలివారైన తరువాత కూడా మిసిసిపీ స్టేట్‌తో ఆడిన ఆటనే ఎక్కువగా తలచుకొనేవారు. ఒక్క ఆటతో లోకం మారిపోలేదు. వివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టం 1964లో వచ్చింది. మిసిసిపీ స్టేట్‌లో మొదటి నల్లజాతి విద్యార్థి 1965లో చేరాడు. కాని తలుపు కొంచెం తెరుచుకొన్నది ఆ రోజునే. 2012 డిసెంబరులో మిసిసిపీ స్టేట్ జట్టు ఆ ఆట జ్ఞాపకార్థం షికాగో వెళ్ళి లయోలాతో మళ్ళీ ఆడింది. 2013 జులైలో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా ఆనాటి లయోలా ఆటగాళ్ళను తన భవనానికి పిలిచి గౌరవించాడు. ఆయన అమెరికాకు మొదటి నల్లజాతి అధ్యక్షుడు.

చేయి కలిపిన ఆ ఇద్దరూ తరువాత స్నేహితులయ్యారు. 2011లో జో డాన్ గోల్డ్ చనిపోయినప్పుడు హార్క్‌నెస్ కడసారి చూపుకు వెళ్ళాడు. అక్కడ శవపేటిక దగ్గర ఒక ఫోటో పెట్టి ఉన్నది. చూస్తే అది తామిద్దరూ చేయి కలిపినప్పటి ఫోటో! గోల్డ్ కుటుంబం ఆయన జీవితంలోనుంచి ఏరి అక్కడ పెట్టినది దాన్నే. ఆ ఆటలో ఆయన ఓడిపోయినవాడు సుమా. హార్క్‌నెస్ కూడా 2021లో కన్నుమూశాడు.

పిల్లలూ, ఇది ఎక్కడో అమెరికా సంగతి అని పుస్తకం మూసేయకండి. నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో, ఒక ఊళ్ళో రెండు బడులకు కబడ్డీ పోటీ పెట్టాం. మా జట్టులో ఊరిచివర పేటనుంచి వచ్చిన పిల్లలు నలుగురున్నారు. కబడ్డీ అంటే తాకటమూ, పట్టుకోవటమూనే కదా. ఆ నలుగురూ ఆడితే తమ పిల్లలను ఆడనీయమని ఆ ఊరి పెద్దలు కొందరు అన్నారు. మన రాజ్యాంగం అంటరానితనాన్ని 1950లోనే నిషేధించింది. ఆ సంగతి నేను తరగతిలో పాఠంగా చెబుతూనే ఉన్నాను. అయినా ఆ రోజు గొడవ ఎందుకని పోటీ మానిపించి పిల్లలను ఇంటికి తీసుకుపోయాను. దారిలో వాళ్ళలో ఒకడు, "మనం ఓడిపోయామా మాస్టారూ?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. డీన్ కోల్వార్డు కథ చదివినప్పుడల్లా ఆ పిల్లవాడి మాట వినబడుతుంది. ఆనాడు ఓడినది పిల్లలు కాదు, నేను.

కనక ఈసారి మీరు ఆటకు వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. ఆటకు ముందు ఒకసారి, అయిపోయిన తరువాత ఒకసారి, ఎదుటి జట్టు దగ్గరికి వెళ్ళి అందరితోనూ చేయి కలపండి. పేర్లు అడగండి. ఏ వీధివారో, ఏ పేటవారో అడగవద్దు. గెలుపూ ఓటమీ మరుసటి ఆటదాకానే ఉంటాయి. మీకు ఆటను ఇచ్చినవారు, చేయి కలిపితే, చాలాకాలం ఉంటారు.